బుగులు కొలిచే మేజ్, రందికి ఇచ్చే మాత్ర

వరంగల్, కరీంనగర్ ప్రాంతపు మాటల్లో భయానికి ఒకే పేరు లేదు. రాత్రిపూట పొలం గట్టున పాము కనబడితే కలిగేది బుగులు. బిడ్డ పెళ్లి గురించో, ఎండిన బోరు గురించో, తీరని మిత్తి గురించో నెలల తరబడి లోపల తొలిచేది రంది. ఎదుట ఏ కారణమూ లేకుండానే గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఊపిరి ఆగిపోతుందేమో అనిపించేది గాబరా. "రంది పెట్టుకొని సగమైండు" అంటారు గానీ, బుగులుతో సగమయ్యాడని ఎవరూ అనరు. బుగులుకు కళ్లెదుట ఒక వస్తువు ఉంటుంది, అది తొలగితే బుగులూ తొలగుతుంది. రందికి అటువంటి వస్తువు ఉండదు, ఉన్నా రాబోయే కాలంలో ఎక్కడో ఉంటుంది. మానసిక వైద్యశాస్త్రం ఇటువంటి స్థితులను ఫోబియా, జనరలైజ్డ్ యాంగ్జయిటీ, పానిక్ వంటి పేర్లతో విడదీసి, అన్నింటినీ కలిపి ఆందోళన రుగ్మతలు అంటుంది. పల్లె మాట గీసిన గీతలూ వైద్యం గీసిన గీతలూ సరిగ్గా ఒకేచోట పడవు. అయినా ఇవి ఒకటి కావన్న ఎరుక రెండింటిలోనూ ఉంది. ప్రయోగశాలలో ఎలుకను వదిలే చెక్క పరికరం మాత్రం వీటిని విడదీయలేదు.

భారతదేశంలో 2017 నాటికి సుమారు 4.49 కోట్ల మంది ఆందోళన రుగ్మతలతోనూ, 4.57 కోట్ల మంది కుంగుబాటుతోనూ బాధపడుతున్నారని 2020లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో అచ్చయిన అంచనా చెబుతోంది. ఆందోళనకు ఈనాడు వైద్యులు మొదటగా రాసే మందులు ఎస్కిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, పారాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి. ఇవన్నీ కుంగుబాటు మందుల తరగతిలోనివి. అందుకే హనుమకొండలోనో జగిత్యాలలోనో చీటీ పట్టుకొని మందుల దుకాణానికి వెళ్లిన మనిషి "ఇది డిప్రెషన్ గోలి గదా, నాకు డిప్రెషన్ లేదు" అని అనుమానపడటం వింతేమీ కాదు. ఆ అనుమానానికి వైద్యుడి జవాబు సులభమే: మందు తరగతికి పేరు అది మొదట ఏ జబ్బుకు పనికొచ్చిందో దాన్నిబట్టి పడింది, ఆ తరువాత ఆందోళనకూ పనికొస్తుందని మనుషుల మీది పరీక్షల్లో తేలింది. అదే ప్రశ్నను ఫార్మకాలజీ, అంటే మందుల పనితీరును చదివే శాస్త్రపు, ప్రయోగశాలలో అడిగితే మాత్రం జవాబు అంత తేలికగా దొరకదు. మనుషుల్లో ఆందోళనను తగ్గిస్తాయని రుజువైన ఈ మందులే, ఆందోళనను కొలవడానికని తయారుచేసిన జంతు పరీక్షల్లో చాలాసార్లు ఏ మార్పూ చూపవు. కొన్నిసార్లు జంతువు భయాన్ని ఇంకా పెంచుతాయి. లోపం మందులో ఉందా, పరీక్షలో ఉందా అన్నది తేల్చుకోవలసిన విషయం.

ఇది ఎక్కడో దూరదేశపు పరిశోధకుల గొడవ కాదు. కాకతీయ విశ్వవిద్యాలయపు ఫార్మసీ కళాశాలతో పాటు వరంగల్, హనుమకొండ, కరీంనగర్ చుట్టూ ప్రైవేటు ఫార్మసీ కళాశాలలు చాలా ఉన్నాయి. ఎం.ఫార్మసీ రెండో సంవత్సరంలో ఫార్మకాలజీ విద్యార్థులు చేసే ప్రాజెక్టుల్లో, ఏదో ఒక ఆకు సారానికో వేరు సారానికో ఆందోళన తగ్గించే గుణం ఉందా అని చూడటం బాగా నలిగిన దారి. సరస్వతి ఆకు కావచ్చు, అశ్వగంధ కావచ్చు, అడవి నుంచి తెచ్చిన మరో మొక్క కావచ్చు. పద్ధతి మాత్రం దాదాపు ఒక్కటే. గ్రూపుకు ఆరు జంతువులు, మందు ఇవ్వని ఒక కంట్రోల్ గ్రూపు, పోల్చడానికి స్టాండర్డ్ మందుగా ఆందోళనకు వాడే డయాజెపామ్, సారాన్ని కిలో బరువుకు 200, 400 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన రెండు గ్రూపులు, కొలవడానికి ఎలివేటెడ్ ప్లస్ మేజ్. ఆ మేజ్ దేన్ని కొలుస్తుందో తెలిస్తేనే ఆ థీసిస్‌లోని పట్టికలకు అర్థం ఉంటుంది.

మేజ్ అంటే నేల నుంచి అర మీటరు ఎత్తున, కూడిక గుర్తు ఆకారంలో నిలబెట్టిన నాలుగు బాటలు. ఎలుకల కోసం చేసినదాంట్లో ఒక్కో బాట 50 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఎదురెదురుగా ఉన్న రెండు బాటలకు 40 సెంటీమీటర్ల గోడలుంటాయి, మిగిలిన రెండింటికి ఏ అడ్డూ ఉండదు. ఎలుకను నడిమి గడిలో వదిలి 5 నిమిషాలు గమనిస్తారు. తెల్ల విస్టార్ ఎలుక మొదట కదలదు, మీసాలు మాత్రం ఆడతాయి. తరువాత గోడలున్న బాటలోకి జారుకొని చివరిదాకా పోయి, మళ్లీ నడిమికి వస్తుంది. వెనక కాళ్లు గోడల మధ్యనే ఉంచి, ఒళ్లంతా సాగదీసి, తలను గోడలేని బాట మీదికి చాపి వాసన చూస్తుంది. ఒక అడుగు వేసి చటుక్కున వెనక్కి లాక్కుంటుంది. మధ్యమధ్య పెంటికలు రాలుస్తుంది. ఒక ఎలుకను తీశాక బాటలన్నీ స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే తరువాతి ఎలుక ముందటి దాని భయాన్ని వాసనలోనే పసిగడుతుంది. అదే ఎలుకకు అరగంట ముందు డయాజెపామ్ ఇచ్చి ఉంటే, గోడలేని బాట మీద చివరిదాకా నడుస్తుంది, అంచు మీంచి తల వంచి కిందికి చూస్తుంది. గోడలేని బాటల్లో ఎన్నిసార్లు అడుగుపెట్టింది, ఎన్ని సెకండ్లు గడిపింది అన్న రెండు అంకెలే ఫలితం.

కొత్త చోటును చూడాలన్న కుతూహలం, గోడలేని ఎత్తు మీద భయం ఒకదానితో ఒకటి పోటీపడటం మీద ఈ పరీక్ష ఆధారపడింది. గోడలున్న సందులనూ లేని సందులనూ ఎలుకలు వేరువేరుగా చూస్తాయని మాంట్‌గోమరీ 1955లో చెప్పాడు. దాన్ని మందుల పరీక్షగా హ్యాండ్లీ, మిథానీ 1984లో వాడారు. పెలో, షోపాన్, ఫైల్, బ్రైలీ అనే నలుగురు 1985లో ఎలుకల మీద దాన్ని సరిచూసి, పరీక్షగా నిలబెట్టారు. డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇస్తే గోడలేని బాటల్లో గడిపే సమయం పెరిగింది; కెఫీన్, యోహింబిన్ ఇస్తే తగ్గింది. ఎలుకను గోడలేని బాటలోనే ఉంచినప్పుడు, గోడల మధ్య ఉంచినప్పటి కంటే రక్తంలో కార్టికోస్టిరోన్ అనే ఒత్తిడి హార్మోను ఎక్కువగా పెరిగింది. ఇదంతా గట్టి పనే. అదే పత్రంలో మరో ఫలితం కూడా ఉంది: కుంగుబాటు మందులు ఈ మేజ్‌లో ప్రత్యేకమైన ప్రభావమేదీ చూపలేదు. ఆనాడు దాన్ని పరీక్ష లోపంగా ఎవరూ చూడలేదు. ఆందోళన మందులకు మాత్రమే పలుకుతోంది, వేరే మందులకు పలకడం లేదు కనుక పరీక్ష గురి తప్పడం లేదు అన్నదే అప్పటి లెక్క.

చిక్కంతా ఇక్కడే పడింది. ఆనాటి దృష్టిలో ఆందోళన మందు అంటే డయాజెపామ్ కుటుంబానికి చెందిన బెంజోడయాజెపీన్. క్లోర్‌డయాజెపాక్సైడ్ 1960లో, డయాజెపామ్ 1963లో మార్కెట్లోకి వచ్చాయి. ఆ తరువాతి ఇరవై ఏళ్లలో తయారైన పరీక్షలన్నింటికీ అవే తూకపు రాళ్లు. మేత కోసం మీట నొక్కితే కరెంటు దెబ్బ తగిలే 1960 నాటి గెల్లర్-సైఫ్టర్ పరీక్ష, నీళ్లు తాగబోతే చిన్న కరెంటు దెబ్బ తగిలే 1971 నాటి వోగెల్ పరీక్ష, 1980లో క్రాలీ, గుడ్విన్ చేసిన వెలుతురు-చీకటి పెట్టె కూడా ఆ మందులకు పలికినందుకే నిలబడ్డాయి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతుకు తేమ మీటరు సంగతి తెలుసు. వడ్లకు సరిచేసిన మీటరును పత్తిలో పెట్టినా అంకె చూపిస్తుంది, కానీ ఆ అంకె పత్తి తేమ కాదు. డయాజెపామ్‌కు సరిచేసిన మేజ్‌లో ఫ్లూఆక్సిటిన్ అనే కుంగుబాటు మందును పెట్టి "పనిచేయలేదు" అని రాయడం కూడా అటువంటిదే.

పైగా ఆ కాలానికే మనుషుల్లో వేరే సాక్ష్యం ఉంది. కుంగుబాటుకు ఇమిప్రమిన్ పనికొస్తుందని స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ 1950లలో గుర్తించాడు. ఆ మందును న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ క్లైన్, తీవ్రమైన గాబరా వచ్చే రోగులకు ఇచ్చి చూశాడు. మొదటి వారాల్లో రోగులు తమకేమీ తేడా లేదన్నారు. తేడా కనిపెట్టింది వార్డు సిబ్బంది. ప్రాణం పోతోందని మాటిమాటికీ నర్సుల దగ్గరికి పరిగెత్తుకొచ్చిన మనుషులు కొన్ని వారాల తరువాత రావడం మానేశారు. క్లైన్ 1960ల మొదట్లో అచ్చువేసిన ఈ పరిశీలనలో అన్నింటికంటే విలువైన సంగతి మరొకటి ఉంది: గాబరా ఆగింది గానీ, మళ్లీ వస్తుందేమోనన్న రంది వెంటనే పోలేదు. ఒకే మనిషిలో ఒకటి మందుకు లొంగింది, రెండోది లొంగలేదు. భయాలు వేరువేరని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకదు. అయినా జంతు పరీక్షలు చాలాకాలం ఈ తేడాను పట్టించుకోలేదు.

వారాలు పట్టడం వెనక మెదడులో జరిగే పని కొంతవరకు తెలుసు. ఫ్లూఆక్సిటిన్ వంటి మందు, నాడీకణం వదిలిన సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి తీసుకునే వాహకాన్ని గంటల్లోనే అడ్డుకుంటుంది. అలా చుట్టూ పెరిగిన సెరటోనిన్, దాన్ని తయారుచేసే కణాల మీదే ఉన్న 5-హెచ్‌టి-1ఎ అనే గ్రాహకాలను, అంటే ఆ రసాయనాన్ని అందుకునే తలుపుల వంటివాటిని, తట్టి, ఆ కణాల పనిని తగ్గిస్తుంది. రెండు మూడు వారాలు మందు ఆగకుండా అందితే ఆ గ్రాహకాల స్పందన మందగించి, కణాలు మళ్లీ మామూలు వేగానికి వస్తాయి. అప్పుడు గానీ మెదడులోని దూర ప్రాంతాల్లో సెరటోనిన్ నిలకడగా పెరగదు. ఈలోగా మొదటి రోజుల్లో పెరిగిన సెరటోనిన్ 5-హెచ్‌టి-2సి వంటి ఇతర గ్రాహకాల ద్వారా భయాన్ని పెంచగలదు. కాబట్టి మందు ఇచ్చిన గంటకు ఎలుకను మేజ్ మీద పెట్టి, అది గోడల మధ్యనే ముడుచుకుపోయిందని తేల్చిన పరిశోధనలు తప్పు కావు. అవి మొదటి రోజును సరిగ్గానే కొలిచాయి. ఈ మాత్రలు మొదలుపెట్టిన కొందరు మనుషుల్లోనూ మొదటి వారం చిరాకు, వణుకు, నిద్రలేమి పెరుగుతాయి. వైద్యులు సగం డోసుతో మొదలుపెట్టడం, కొద్ది రోజుల కోసం వేరే మాత్ర జతచేయడం అందుకే. మొదటి వారంలో "ఈ గోలితోనే ఎక్కువైంది" అని మాత్ర మానేసే రోగికి ఈ సంగతి ముందే చెప్పి ఉంటే చాలావరకు నిలబడతాడు. ఆ ఒక్క విషయంలో ఎలుక మనిషికి ఎంతో దగ్గరగా ఉంది.

అయితే మూడు వారాలు మందు ఇస్తే చాలు, మేజ్ పలుకుతుంది అనుకోవడానికీ వీల్లేదు. దీర్ఘకాలం ఇచ్చినా ప్లస్ మేజ్ ఫలితాలు పొంతన లేకుండానే ఉన్నాయి. బోర్సిని, ఆయన సహచరులు 2002లో అప్పటిదాకా జరిగిన పనినంతా కూర్చి చూసినప్పుడు, ఆందోళన కోసం వాడే జంతు పరీక్షల్లో ఎక్కువ భాగం కుంగుబాటు మందుల ప్రభావాన్ని నమ్మకంగా పట్టుకోలేకపోతున్నాయని తేలింది. దీనికి తోడు మేజ్‌కు మరో గుణం ఉంది: ఒకసారి మేజ్ చూసిన ఎలుకను రెండోసారి పెడితే డయాజెపామ్ కూడా పనిచేయదు. మొదటిసారి అది తెలియని చోటుకు భయపడింది, రెండోసారి తెలిసిన ఎత్తుకు భయపడుతోంది అని ఫైల్ బృందం దీన్ని వివరించింది. అందువల్ల ఒకే ఎలుకను 1వ రోజు, 7వ రోజు, 21వ రోజు మేజ్ మీద పెట్టి మార్పు చూడటం కుదరదు. ఒక్కో రోజుకు వేరే ఎలుకలు కావాలి. చిన్న విషయంలా కనిపించే ఈ నియమాన్ని మరచిన పట్టికలు థీసిస్‌లలో కనబడినప్పుడు బాధ కలుగుతుంది, ఎందుకంటే అక్కడ ఖర్చయినవి ప్రాణాలు.

వారాల తేడాను పట్టుకున్న పరీక్షల్లో ముందు చెప్పవలసింది, కొత్త చోట తిండి ముట్టడానికి జంకడాన్ని కొలిచేది. బోడ్నాఫ్ బృందం 1988లో దీన్ని కుంగుబాటు మందులకు వాడింది. జంతువును సుమారు 24 గంటలు ఆకలితో ఉంచి, బాగా వెలుతురున్న కొత్త పెట్టెలో ఒక మూలన వదులుతారు. నడిమధ్య తెల్ల కాగితం మీద మేత బిళ్ల ఒక్కటే ఉంటుంది. చిట్టెలుక గోడ వెంట తిరుగుతుంది, బిళ్ల వైపు నాలుగడుగులు వేస్తుంది, మూతి ఆనించి వాసన చూసి మళ్లీ గోడకే పరిగెడుతుంది. మొదటిసారి పళ్లు దింపి కొరికే క్షణందాకా గడియారం నడుస్తుంది. ఆకలికీ బెదురుకూ మధ్య జరిగే ఈ పెనుగులాట, ఎత్తు మీది బుగులు కంటే రందికి కొంత దగ్గరగా ఉందనిపిస్తుంది. ముప్పు ఎదుట లేదు, ఉండవచ్చన్న శంక మాత్రమే ఉంది. డయాజెపామ్ ఇక్కడ ఒక్క డోసుతో పనిచేస్తుంది. కుంగుబాటు మందులు ఒక్క డోసుతో పనిచేయవు, వారాలు ఇస్తే పనిచేస్తాయి. శాంటరెల్లి, హెన్ బృందం 2003లో సైన్స్ పత్రికలో ప్రకటించిన పనిలో, ఫ్లూఆక్సిటిన్ 5 రోజులకు ఏమీ చేయలేదు, 28 రోజులకు జంకు తగ్గించింది. మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త నాడీకణాలు పుట్టకుండా ఎక్స్-కిరణాలతో ఆపితే ఆ ప్రభావం పోయింది. ఇదే మొత్తం కథ అని కొన్నాళ్లు అందరూ నమ్మారు గానీ, కొత్త కణాలతో పని లేకుండానే ఈ మందులు పనిచేసే సందర్భాలూ ఉన్నాయని తరువాతి పరిశోధనలు చూపాయి. ఈ పరీక్షలో ఒక జాగ్రత్త తప్పనిసరి: ఫ్లూఆక్సిటిన్ ఆకలినే తగ్గించగలదు. అందుకని పరీక్ష అయిన వెంటనే జంతువును సొంత పంజరంలో పెట్టి, అక్కడ ఎంత తిన్నదో తూచి, ఆ అంకెను పక్కనే రాయాలి. అది రాయని ఫలితాన్ని నమ్మలేము.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ గోలీల పరీక్ష. ఐదు సెంటీమీటర్ల మందాన పొట్టు పరచి, దాని మీద ఇరవై గాజు గోలీలు వరుసగా పెట్టి, అరగంటలో చిట్టెలుక ఎన్నింటిని పూడ్చిందో లెక్కిస్తారు. ఫ్లూఆక్సిటిన్ ఒక్క డోసుకే పూడ్చడం తగ్గిపోతుంది. మందును పట్టుకుంది కనుక పరీక్ష గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ మనిషికి నెల పట్టే మార్పు ఎలుకకు అరగంటలో వస్తే, అది అదే మార్పు అయివుండటానికి అవకాశం తక్కువ. గోలీలను పూడ్చడం భయం కంటే, చేసిన పనినే మళ్లీ మళ్లీ చేసే అలవాటుకు దగ్గరగా ఉందని 2009లో వచ్చిన ఒక పరిశీలన వాదించింది. నీళ్లలో ఈదించి కదలకుండా తేలే సమయాన్ని కొలిచే, 1977 నాటి పోర్సోల్ట్ పరీక్ష విషయం కూడా ఇంతే. కుంగుబాటు మందులను ఒకటి రెండు రోజుల్లోనే పట్టుకోవడానికి అది పనికొస్తుంది గానీ, దాన్ని ఆందోళనకు కొలతగా వాడటం పొరపాటు.

రందిని, గాబరాను ఒకే పరికరంలో విడదీయడానికి చేసిన ప్రయత్నాల్లో బ్రెజిల్ వాళ్లది ముందు వరుసలో నిలుస్తుంది. గ్రేఫ్, వియానా, టోమాజ్ 1993లో వివరించిన ఎలివేటెడ్ టి-మేజ్, ప్లస్ మేజ్‌లోని గోడలున్న బాట ఒకదాన్ని తీసేస్తే మిగిలే పరికరం. ఎలుకను గోడల మధ్య చివరన వదిలితే, బయటికి రావడానికి ఎంత జంకిందో ఒక కొలత. గోడలేని బాట చివరన వదిలితే, అక్కడి నుంచి ఎంత తొందరగా పారిపోయిందో రెండో కొలత. డయాజెపామ్ మొదటిదాన్ని మారుస్తుంది, రెండోదాన్ని మార్చదు. ఇమిప్రమిన్, ఫ్లూఆక్సిటిన్ వంటివి మూడు వారాలు ఇస్తే పారిపోయే తొందర తగ్గుతుంది. క్లైన్ వార్డులో నర్సుల దగ్గరికి పరుగు ఆగిన సంగతి గుర్తున్నవారికి ఈ ఫలితం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సెరటోనిన్ మెదడు అడుగుభాగంలోని పారిపోయే వ్యవస్థను అణచుతుందనీ, అమిగ్డాలా అనే మెదడు భాగంలో ముందుచూపు భయాన్ని పెంచుతుందనీ డీకిన్, గ్రేఫ్ 1991లో చెప్పిన సిద్ధాంతం దీనికి నేపథ్యం. పెద్ద ఖర్చు లేని ఈ చెక్క పరికరం మన ప్రాంతపు ప్రయోగశాలల్లోకి ఎక్కువగా రావాలి.

ఏ ఎలుకను తీసుకున్నారన్నది కూడా ఏ పరీక్ష పెట్టారన్నంత ముఖ్యం. ఆరోగ్యంగా, ఏ రందీ లేకుండా పెరిగిన ఎలుకకు ఆందోళన మందు ఇచ్చి ఫలితం చూడటమంటే, జ్వరం లేని మనిషికి పారాసిటమాల్ వేసి ఒంటి వేడి కొలిచినట్టే. పుట్టుకతోనే బెదురు ఎక్కువగా ఉండే బాల్బ్-సి జాతి చిట్టెలుకల్లోనూ, వారాల తరబడి కార్టికోస్టిరోన్ ఇచ్చి ఒత్తిడి స్థితికి తెచ్చిన వాటిలోనూ కుంగుబాటు మందుల ప్రభావం తేటగా కనబడుతుంది. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. సెరటోనిన్ వాహకం పుట్టుకతోనే లేని చిట్టెలుకలు ప్రశాంతంగా ఉండాలి అనుకుంటాం, కానీ వాటికి భయం ఎక్కువ. పుట్టిన 4వ రోజు నుంచి 21వ రోజు వరకు ఫ్లూఆక్సిటిన్ ఇచ్చిన పిల్లలు పెద్దయ్యాక మరింత బెదురుగా ఉన్నాయని 2004లో సైన్స్‌లో వచ్చిన పత్రం చూపింది. ఒకే వాహకాన్ని ఎదిగే మెదడులో మూసేస్తే ఒకటి జరుగుతుంది, ఎదిగిన మెదడులో మూసేస్తే మరొకటి జరుగుతుంది. ఇక మనుషుల్లో ఆందోళన రుగ్మతలు ఆడవారిలో దాదాపు రెండింతలు ఉంటే, ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది మగ ఎలుకలనే. ఇది సరిదిద్దుకోవలసిన అలవాటు.

డోసు లెక్క దగ్గర కూడా తరచు పొరపాటు జరుగుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం మనిషి డోసును ఎలుకకు మార్చాలంటే కిలోకు ఇన్ని మిల్లీగ్రాములన్న అంకెను 6.2తో, చిట్టెలుకకైతే 12.3తో హెచ్చించాలి. 60 కిలోల మనిషికి 20 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సిటిన్ అంటే కిలోకు 0.33 మిల్లీగ్రాములు, ఎలుకకు సుమారు 2, చిట్టెలుకకు సుమారు 4 మిల్లీగ్రాములు అవుతుంది. ప్రయోగశాలల్లో వాడేది మాత్రం తరచుగా 10, 20. ఎలుకల కాలేయం మందును తొందరగా ఖర్చు చేస్తుంది కనుక ఎక్కువ డోసుకు కారణం లేకపోలేదు, కానీ ఆ కారణాన్ని రక్తంలో మందు మోతాదు కొలిచి చెప్పాలి గానీ, పాత పత్రాల్లో అంతే ఉందని చెప్పకూడదు. మందు ఇచ్చే తీరు ఇంకో చిక్కు. ఫీడింగ్ సూదిని గొంతులోకి దించి రోజూ మందు పోయడం 21 రోజులు సాగితే, ఆ పట్టుకోవడం, మింగించడమే ఎలుకకు రోజువారీ బుగులు. కంట్రోల్ గ్రూపుకు ఉత్త ద్రావణాన్ని అలాగే పోయడం అందుకే తప్పనిసరి. తాగే నీళ్లలో కలిపి ఇవ్వడం మరింత మేలు, రోజూ ఎంత తాగిందో కొలిచే ఓపిక ఉంటే.

ఇంత జాగ్రత్తపడ్డా ఒక చోటి ఫలితం మరో చోట రాకపోవచ్చు. క్రాబ్, వాల్‌స్టెన్, డూడెక్ 1999లో ఆల్బనీ, ఎడ్మంటన్, పోర్ట్‌లాండ్ నగరాల్లోని మూడు ప్రయోగశాలల్లో ఒకే జాతుల చిట్టెలుకలను, ఒకే వయసులో, ఒకే రకం పరికరాల మీద, ఒకే రోజున పరీక్షించారు. అయినా ప్లస్ మేజ్ ఫలితాలు చోటునుబట్టి మారిపోయాయి. చిట్టెలుకను తోక పట్టి ఎత్తితే బెదురు పెరుగుతుందనీ, గొట్టంలోకి ఎక్కించి గానీ దోసిట్లో గానీ తీస్తే తగ్గుతుందనీ 2010లో తేలింది. దగ్గరలో మగవాళ్ల ఒంటి వాసన ఉంటే చాలు, ఎలుకలకు ఒత్తిడి పెరుగుతుందని 2014లో తేలింది. వీటికి వరంగల్ వాతావరణాన్ని కలిపి చూడాలి. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు యానిమల్ హౌస్‌ను 22 డిగ్రీల దగ్గర నిలబెట్టడం ఏసీ మీద ఆధారపడిన పని. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే ఆ రోజు మేజ్ కొలిచేది మందునో, ఉక్కపోతనో చెప్పలేము. దీపావళి పటాకుల మరుసటి రోజు, గోడ పక్కన డీజే మోగిన మరుసటి రోజు పరీక్ష పెట్టకపోవడం మంచిది. ఎలుకలు రాత్రి తిరిగే జీవులు, మన పరీక్షలు మాత్రం కాలేజీ వేళల్లో జరుగుతాయి. కనీసం రోజూ ఒకే వేళకు పెట్టి, ఆ వేళను థీసిస్‌లో రాయాలి.

ఇవన్నీ కలిసి ఆకు సారాల మీద జరిగే పనికి చేసే నష్టం పైకి కనబడదు. డయాజెపామ్‌ను స్టాండర్డ్‌గా పెట్టి, ఒక్క డోసుతో, ఒక్క మేజ్ మీద చూస్తే, డయాజెపామ్‌లా పనిచేసే సారం మాత్రమే గెలుస్తుంది; దాంతో పాటు మత్తు, అలవాటు పడటం వంటి డయాజెపామ్ దోషాలు కూడా వెంట వచ్చే అవకాశం ఉంది. నెమ్మదిగా, వారాల మీద రందిని తగ్గించగల సారం ఏదైనా ఉంటే, మొదటి రోజే ఓడిపోయి "ప్రభావం లేదు" అన్న వాక్యంతో బీరువాలోకి పోతుంది. దాన్ని మళ్లీ తీసి చూసేవారుండరు. స్టాండర్డ్‌గా డయాజెపామ్‌తో పాటు ఫ్లూఆక్సిటిన్‌నో ఇమిప్రమిన్‌నో 21 రోజులు ఇచ్చిన గ్రూపు కూడా ఉంటే, కనీసం పరీక్ష ఆ రకం మందును పట్టుకోగలదా లేదా అన్నది అదే ప్రయోగంలో తెలుస్తుంది. పట్టుకోలేకపోతే సారం గురించి ఏమీ రాయకపోవడమే న్యాయం.

ఆరు జంతువుల గ్రూపు సంగతి చివరగా చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పిన సవరణలన్నీ దాని దగ్గరే ఆగిపోతాయి. రెండు గ్రూపుల్లో ఆరేసి జంతువులుంటే, సగటుల మధ్య తేడా ప్రామాణిక విచలనానికి (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతకు) దాదాపు 1.8 రెట్లు ఉన్నప్పుడే, నూటికి 80 సార్లు దాన్ని పట్టుకోగలం. డయాజెపామ్ వంటి మందు అంత పెద్ద తేడా చూపవచ్చు, కుంగుబాటు మందు చూపడం అరుదు. పన్నెండేసి ఉంటే 1.2 రెట్ల తేడా చాలు. మందు ఒకటి, ఉత్త ద్రావణం ఒకటి, మూడు వేర్వేరు రోజులు అంటే ఆరు గ్రూపులు, 72 ఎలుకలు. జంతు హింస నివారణకు 1960లో వచ్చిన చట్టం, జంతు ప్రయోగాల మీద 1998లో వచ్చిన నియమాలు, వాటి ప్రకారం ప్రతి సంస్థలో ఉండవలసిన ఎథికల్ కమిటీ జంతువుల సంఖ్యను తగ్గించమనే అడుగుతాయి, అడగడం సరైనదే కూడా. అయితే తగ్గించడమంటే ఒక్కో ప్రయోగాన్ని చిన్నది చేయడం కాదు. పది కళాశాలల్లో పదిమంది విద్యార్థులు ఐదు గ్రూపుల చొప్పున, గ్రూపుకు ఆరేసి ఎలుకలతో వేరువేరుగా చేస్తే 300 ఎలుకలు ఖర్చయి, ఏ ఒక్కటీ తేల్చని పది థీసిస్‌లు మిగులుతాయి. అదే వరంగల్, కరీంనగర్ కళాశాలలు రెండు మూడు కలిసి ఒకే ప్రశ్నను, ఒకే పద్ధతి రాసుకొని, ఏ ఎలుకకు ఏ మందు పడిందో చూసేవారికి తెలియకుండా, గ్రూపులను చీట్లు తీసి విడదీసి చేస్తే 72 ఎలుకలతో ఒక నమ్మదగిన జవాబు వస్తుంది. అందులో 21వ రోజు కొలత ఒక విద్యార్థిది, రక్తంలో మందు మోతాదు మరొకరిది, టి-మేజ్ ఇంకొకరిది కావచ్చు; డిగ్రీ ఇవ్వడానికి అవి వేరువేరు ప్రాజెక్టులుగా చాలు.